పైట మీద కంచు పతకం

ఉత్తరాఖండ్‌లో, టిహ్రీ గఢ్వాల్ కొండల మీద, చంబా అని ఒక చిన్న బజారు ఊరుంది. ఒకప్పుడు ఆ బజార్లో ఓ ముసలావిడ నడిచి వస్తుంటే, సెలవు మీద ఊరికొచ్చిన జవాన్లు ఎక్కడివాళ్లక్కడ ఆగి సెల్యూట్ చేసేవారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడకు ఏ పదవీ లేదు. పైట మీద మాత్రం, సరిగ్గా గుండె దగ్గర, ఒక కంచు పతకం ఉండేది. విక్టోరియా క్రాస్. బ్రిటిష్ సైన్యం యుద్ధభూమిలో చూపిన తెగువకు ఇచ్చే అన్ని పతకాల్లోకీ పెద్దది.

ఆవిడ పేరు సతూరీ దేవి. పతకం ఆవిడ భర్తది. ఆ పతకం ఎలా ఉంటుందో అతను చూడనే లేదు. 1915 మార్చి 10న ఫ్రాన్సులో, న్యూవ్ షాపెల్ అనే పల్లె దగ్గర కందకంలో ప్రాణం వదిలాడు. సతూరీ దేవి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1981లో కన్నుమూసేదాకా, అంటే 66 ఏళ్ల పాటు, ఆ పతకాన్ని ఒంటి మీద మోసింది.

అతను గబర్ సింగ్ నేగీ. 39వ గఢ్వాల్ రైఫిల్స్ రెండో పటాలంలో రైఫిల్‌మన్. పటాలంలో దానికంటే కింది మెట్టు లేదు. 1895 ఏప్రిల్ 21న పుట్టాడు. చనిపోయేనాటికి ఇరవయ్యో ఏడు నిండడానికి ఇంకా ఆరు వారాలుంది. సైన్యంలో చేరింది 1913 అక్టోబరులో. ఏడాది తిరక్కుండానే యుద్ధం వచ్చింది. అప్పట్లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు.

1914 సెప్టెంబరు చివర్లో భారత సేనలు మార్సే రేవులో దిగడం మొదలైంది. ఒంటి మీద ఉన్నవి మన ఎండలకు సరిపోయే పలచటి నూలు బట్టలు. ఎదురుగా ఉన్నది ఉత్తర ఫ్రాన్సు చలి, మోకాళ్ల లోతు బురద. కందకాల్లో నీళ్లు ఊరేవి, కాళ్లు మొద్దుబారి కుళ్లేవి. చాలామంది సిపాయిలకు చదవడం రాయడం రాదు కాబట్టి అక్షరం వచ్చిన తోటివాడి చేత ఇంటికి ఉత్తరం రాయించుకునేవారు. ఆ ఉత్తరాలను సెన్సారు అధికారులు తెరిచి చదివేవారు. ఆ సంగతి సిపాయిలకూ తెలుసు. అందుకే నల్ల మిరియాలు అయిపోతున్నాయనీ, ఎర్ర మిరపకాయలు ఇంకా వాడలేదనీ రాసేవారు. నల్ల మిరియాలు మనవాళ్లు, ఎర్ర మిరపకాయలు తెల్లవాళ్లు. వంటింటి మాటల్లో చావుల లెక్క ఊరికి చేరేది. సెన్సారు వాళ్లు నకలు రాసి దాచిన అలాంటి ఉత్తరాలు ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

మార్చి 10 ఉదయం ఏడున్నరకు ఫిరంగులు మొదలయ్యాయి. ముప్పై అయిదు నిమిషాల పాటు ఆగలేదు. ఆగిన వెంటనే గఢ్వాల్ దళం కందకాలు దాటి ముందుకు ఉరికింది.

కందకాన్ని సూటిగా తవ్వరు. ఒక కొసన పేల్చిన తూటా రెండో కొసదాకా పోకుండా అడుగడుగునా మలుపులు పెడతారు. మలుపు అవతల ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో ఇవతలి వాడికి తెలియదు. బాయ్‌నెట్ పట్టుకుని ఆ మలుపు ముందుగా తిరిగేవాడికి బతికే అవకాశం అందరికంటే తక్కువ. ఆ రోజు జర్మన్ల ప్రధాన కందకంలోకి దిగిన జట్టులో ప్రతి మలుపూ ముందుగా తిరిగినవాడు గబర్ సింగ్. ఒక మలుపు తరవాత ఇంకో మలుపుగా శత్రువును వెనక్కి తరిమాడు. అవతలివాళ్లు చివరికి చేతులెత్తేశారు. ఆ పోరులోనే అతను కూలిపోయాడు. పతకంతో పాటు ఇచ్చిన అధికారిక ప్రశంసలో ఉన్నది దాదాపు ఇంతే, నాలుగు వాక్యాలకు మించదు.

న్యూవ్ షాపెల్ పోరు మూడు నాలుగు రోజులు సాగింది. భారత సేనలో చనిపోయినవాళ్లూ, గాయపడినవాళ్లూ, ఆచూకీ లేనివాళ్లూ కలిపి 4 వేలు దాటారు. చేతికొచ్చిన నేల లోతు రెండు కిలోమీటర్లు కూడా లేదు.

గబర్ సింగ్‌కు సమాధి లేదు. ఉన్నది గోడ మీద ఒక పేరు. న్యూవ్ షాపెల్‌లో భారత సైనికుల స్మారకాన్ని 1927 అక్టోబరు 7న ఆవిష్కరించారు. రూపకర్త హెర్బర్ట్ బేకర్. చుట్టూ గుండ్రటి ప్రాకారం, సాంచీ స్తూపం కంచెను గుర్తుకు తెచ్చే రాతి జాలీలు, మధ్యలో 15 మీటర్ల స్తంభం, దాని శిఖరాన తామర, మొదట్లో రెండు పులులు. ఎక్కడ పడిపోయారో, ఎక్కడ మట్టిలో కలిశారో తెలియని 4,700 మందికి పైగా మనవాళ్ల పేర్లు ఆ గోడ మీద ఉన్నాయి. ఫ్రెంచి పొలాల మధ్య, మేఘాలు కిందికి వంగిన ఆకాశం కింద, సింగ్‌లూ ఖాన్‌లూ రామ్‌లూ వరసగా కనిపిస్తారు.

పేరు చెక్కాలన్న ఆలోచన

మామూలు సిపాయి పేరును రాతి మీద చెక్కాలన్న పట్టుదల ఐరోపా రాజ్యాలకు అంత పాతదేమీ కాదు. అంతకు ముందు గెలిచిన సేనానికి విగ్రహం, పటాలానికి జెండా, చనిపోయిన వేలమందికి ఒకే గొయ్యి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పద్ధతి మారడానికి ముఖ్య కారకుడు ఫేబియన్ వేర్ అనే ఇంగ్లీషువాడు. 45 ఏళ్ల వయసు కాబట్టి సైన్యంలోకి తీసుకోలేదు. రెడ్‌క్రాస్ బండ్ల జట్టుకు నాయకుడిగా ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడ హడావుడిగా పూడ్చిన గోతుల మీద పాతిన కర్రశిలువలు వానకు చెరిగిపోవడం చూసి, ఎవరు ఎక్కడ ఉన్నారో రాసిపెట్టడం మొదలుపెట్టాడు. ఆ చిట్టాలే పెరిగి పెరిగి 1917 మేలో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయ్యాయి. ఇప్పుడది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్.

వాళ్లు పెట్టుకున్న నియమాలు ఆ కాలానికి చాలా పెద్దవి. జనరల్‌కైనా జవానుకైనా ఒకే కొలత రాయి. ధనవంతుడి కొడుకైనా సరే శవాన్ని ఇంటికి తీసుకుపోవడానికి వీల్లేదు. సమాధి దొరకని ప్రతివాడి పేరూ ఎక్కడో ఒక గోడ మీద ఉండి తీరాలి. ఈ నియమాల మీద 1920లో బ్రిటిష్ పార్లమెంటులో తల్లుల కన్నీళ్ల సాక్షిగా వాదన జరిగింది. కమిషన్ మాటే నెగ్గింది. స్మారకాల మీద ఏ మాటలు రాయాలో చెప్పే పని రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ తీసుకున్నాడు. అతని ఒక్కగానొక్క కొడుకు జాన్ 1915 సెప్టెంబరులో లూస్ దగ్గర కనిపించకుండా పోయాడు. తండ్రి ఏళ్ల తరబడి వెతికాడు. కొడుకు సమాధి చూడకుండానే పోయాడు. న్యూవ్ షాపెల్ ఆవిష్కరణకు వచ్చినవాళ్లలో కిప్లింగ్ కూడా ఉన్నాడు.

ప్రతివాడి పేరూ గోడ మీద ఉండి తీరాలన్న నియమం మాత్రం అందరి విషయంలో ఒకేలా అమలు కాలేదు.

ఇరాక్‌లో బస్రా స్మారకం ఉంది. మెసపొటేమియా పోరులో చనిపోయి సమాధి లేని 40 వేల మందికి పైగా సైనికుల కోసం 1929లో కట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు ఫ్రాన్సుకంటే ఎంతో ఎక్కువమంది వెళ్లింది అక్కడికే. ఎండకు, విరేచనాలకు, కుట్ పట్టణం ముట్టడిలో ఆకలికి, ఆ తరవాత ఖైదుకు పిట్టల్లా రాలిపోయారు. బస్రా గోడ మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి. భారతీయుల్లో అధికారుల పేర్లున్నాయి. మామూలు సిపాయిల దగ్గరికి వచ్చేసరికి పటాలం పేరు, దాని కింద ఇంతమంది అని ఒక అంకె. పేర్లు విడిగా అచ్చువేసిన పుస్తకంలో ఉన్నాయి. ఊరి నుంచి ఆ గోడ దాకా వెళ్లే శక్తి ఉన్న తల్లి ఉండి ఉంటే, ఆమెకు తన కొడుకు ఒక అంకెలో ఒకటిగా కనిపించేవాడు.

తూర్పు ఆఫ్రికాలో ఇంకా దారుణం. అక్కడ మోతకూలీలుగా తీసుకుపోయిన ఆఫ్రికన్లలో లెక్కలేనంతమందికి రాయీ లేదు, పేరూ లేదు. స్థానికులకు సమాధి రాయి విలువ తెలియదని 1923లో పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్ గవర్నరు కమిషన్‌కు చెప్పిన మాట రికార్డుల్లో ఉంది. ఈ సంగతంతా 2021 ఏప్రిల్‌లో కమిషన్ తన మీద తానే వేసుకున్న విచారణ నివేదికలో బయటపెట్టింది. 45 వేల నుంచి 54 వేల మందిని మిగతావాళ్లతో సమానంగా స్మరించలేదనీ, కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరు పెట్టి గానీ అసలే గానీ స్మరించలేదనీ తేల్చింది. బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ సిపాయిల భార్యలూ తల్లులూ అప్పటికి ఎవరూ లేరు.

ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఊరి బయట గుట్ట మీద ఒక పాలరాతి ఛత్రి ఉంది. అక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సిపాయిలకు ఆ చోటే దహన సంస్కారం చేశారు. ఛత్రిని 1921లో ఆవిష్కరించారు. దాని మీద పేర్లు లేవు. చితి వెలిగిన చోట ఆ 53 పేర్లూ రాతి మీదికి ఎక్కింది 2010లో.

90, 1,110

మన దేశంలోనూ యుద్ధం ముగిశాక చాలా ఊళ్లలో తెల్లదొరలు చిన్న చిన్న శిలాఫలకాలు పెట్టించారు. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో ఉంటుంది. అక్కడా అంకెలే.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం ఉంది. దాన్ని మిలటరీ మాధవరం అంటేనే చుట్టుపక్కల తెలుస్తుంది. ఇంటికొకరైనా సైన్యంలో పనిచేసిన ఊరు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని ఊరి లెక్క. కాలవ గట్టున వరి పండించుకునే పల్లె నుంచి వెయ్యిమందికి పైగా యుద్ధానికి వెళ్లారంటే, తంతి వాడి సైకిలు ఏ వీధిలోకి తిరుగుతుందోనని ఊపిరి బిగబట్టిన ఇళ్లు ఎన్నో ఊహించవచ్చు. ఆ రోజుల్లో తంతి అంటేనే చావు కబురు. ఆ ఊళ్లో కొడుకులూ మనవలూ మళ్లీ అదే కొలువుకు వెళ్తూనే ఉన్నారు. చనిపోయిన జవాన్ల కోసం ఊరు స్మారకం కట్టుకుంది.

హైదరాబాదు సంగతీ ఉంది. ఢిల్లీలో తీన్ మూర్తి కూడలిలో నిలబడిన మూడు కంచు విగ్రహాలు రాజులవి కావు, సైనికులవి. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల ఆశ్వికులవి. సినాయ్‌లోనూ పాలస్తీనాలోనూ పోరాడిన ఆ మూడు దళాల కోసం 1922లో లియొనార్డ్ జెన్నింగ్స్ వాటిని చేశాడు. 2018లో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. ఆ ముగ్గురిలో ఒకరు నిజాం సంస్థానం గుర్రపు రౌతని తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంతకీ మామూలు సైనికుణ్ణి గుర్తుపెట్టుకోవడం ఇంగ్లీషు వాళ్లు నేర్పిన విద్య కాదు. చిత్తూరు, కడప ప్రాంతాల పొలాల్లో, చెరువు గట్ల మీద, గుడి ముంగిట్లో వీరగల్లులు వెయ్యేళ్ల కిందటి నుంచీ నిలబడి ఉన్నాయి. బాణ, వైదుంబ రాజులు తలపడిన రోజుల్లో ఊరి పశువులను తోలుకుపోయే వాళ్లను అడ్డుకుని చనిపోయినవాడికీ, పేరున్న దొర వెంట వెళ్లి పోరులో పడినవాడికీ రాళ్లు నిలబెట్టారు. చాలా వాటిలో కింది అంతస్తులో పోరు, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి ఎత్తుకుపోవడం, పైన శివలింగం ముందు అతను కూచోవడం. అక్షరాలున్న రాళ్ల మీద అతని పేరు, ఎవరి బంటు, ఎక్కడ పడ్డాడు అన్నవి ఉంటాయి. రాజుకు శాసనం వేయించుకోవడానికి వంద కారణాలుంటాయి. ఈ రాళ్లు వేయించింది చనిపోయినవాడి మనుషులూ, అతని ఊరూ. కొన్ని ఊళ్లలో ఆ రాయి ఎవరిదో మరిచిపోయారు గానీ పసుపు రాయడం, దీపం పెట్టడం మాత్రం మరవలేదు.

పల్నాడులో ఇది ఇంకా బతికున్న ఆచారం. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే వీరారాధన అయిదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారం పాటించే కుటుంబాలు తమ పూర్వీకుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను భుజాన వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడి దగ్గరికి తెస్తారు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోరాడి చనిపోయినవాడి కత్తిని ఏటా ఒకసారి ఇంట్లోంచి తీసి ఊరేగించే కుటుంబానికి, అతను చరిత్ర పుస్తకంలోని మనిషి కాదు. ఇంటి పెద్ద.

పెట్టె ఇంటికొచ్చిన రోజు

స్వతంత్రం వచ్చాక కూడా మామూలు జవాను చావు చాలాకాలం కబురుగానే ఇంటికి చేరింది. 1962, 1965, 1971 యుద్ధాల్లో పడిపోయినవాళ్లకు చాలావరకు సరిహద్దుల్లోనే అంతిమ సంస్కారాలు చేశారు. ఇంటికి తంతి, ఆ తరవాత ఓ ట్రంకు పెట్టె.

1962 నవంబరు 18న లద్దాఖ్‌లో రెజాంగ్ లా కనుమ దగ్గర 13వ కుమావూన్ బెటాలియన్‌కు చెందిన ఒక కంపెనీ దాదాపు మొత్తంగా తుడిచిపెట్టుకుపోయింది. నూట ఇరవై మందిలో నూట పదిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది హర్యానా పల్లెల యాదవులు. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పింది మొదట్లో చాలామంది నమ్మలేదు. నెలల తరవాత ఒక గొర్రెల కాపరి అటు వెళ్లాడు. తుపాకులు చేతుల్లో అలాగే పట్టుకుని, మంచులో గడ్డకట్టి, తమ తమ స్థానాల్లోనే ఉన్నారు జవాన్లు.

రెజాంగ్ లా పోరుకు ముందు రోజు తవాంగ్ వైపు నూరానాంగ్ దగ్గర జస్వంత్ సింగ్ రావత్ చనిపోయాడు. అతనూ రైఫిల్‌మన్, అతనిదీ గఢ్వాల్ రైఫిల్సే. అతను పడిన చోట ఇప్పుడు జస్వంత్ గఢ్ ఉంది. అక్కడ కాపలా ఉండే జవాన్లు అతనికి తెల్లవారుజామునే టీ పెడతారు. పక్క పరుస్తారు, బూట్లకు పాలిష్ పెడతారు. అతను ఇంకా డ్యూటీలోనే ఉన్నాడని వాళ్ల నమ్మకం. ఆ దారిన వెళ్లే బండ్లు అక్కడ ఆగకుండా పోవు. వీరగల్లు దగ్గర దీపం పెట్టే ఆడమనిషికీ, ఆ చలిలో టీ కప్పు అక్కడ ఉంచి వచ్చే కుర్ర జవానుకూ మధ్య పెద్ద దూరం లేదనిపిస్తుంది.

1999లో కార్గిల్‌తో ఈ కథ మలుపు తిరిగింది. 527 మంది చనిపోయిన ఆ యుద్ధంలో జెండా కప్పిన పెట్టెలు విమానాల్లో, లారీల్లో సొంత ఊళ్లకు వచ్చాయి. తల్లి కొడుకు ముఖం చూసింది. ఊరు ఊరంతా వెంట నడిచింది. ఊరి మొదట్లో విగ్రహాలు, బడికి జవాను పేరు, ఏటా వర్ధంతి అప్పటి నుంచి ఎక్కువయ్యాయి. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన అగ్నివీర్ మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా కుర్రాడు. అంతదాకా ఆ తండా పేరు పక్క జిల్లాలోనే తెలియదు. ఆ రోజు అటువైపు దారులన్నీ మనుషులతో నిండాయి.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగచక్రం అనే వలయం ఉంది. 1947 తరవాత చనిపోయిన 25,942 మంది పేర్లతో అది మొదలైంది. ఒక్కో పేరుకు ఒక్కో గ్రానైటు పలక. జనరల్ పలకా జవాను పలకా ఒకే కొలత. అంతకు ముందువాళ్లు, తెల్లవాడి జెండా కింద చనిపోయినవాళ్లు, ఇండియా గేటు రాళ్ల మీదే ఉన్నారు. ఆ గేటు మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. కింద నిలబడి ఐస్‌క్రీం తినే పిల్లల్లో ఎవరైనా తలెత్తి చదువుదామన్నా అందనంత ఎత్తులో ఉన్నాయి చాలా పేర్లు.

చంబాలో గబర్ సింగ్ స్మారకం దగ్గర 1925 నుంచి ఏటా ఏప్రిల్ 21 వేళకు, అతని పుట్టినరోజున, జాతర జరుగుతోంది. కొండల మీది పల్లెల నుంచి జనం దిగి వస్తారు. గాజుల దుకాణాలు, మిఠాయిలు, పటాలం బ్యాండు. 1971 నుంచి ఆ స్మారకం బాగోగులు గఢ్వాల్ రెజిమెంటే చూస్తోంది. సతూరీ దేవి బతికున్నన్నాళ్లూ ఆ జాతరకు వచ్చినవాళ్లకు, విగ్రహం కంటే ముందు, ఆ పతకం పెట్టుకున్న మనిషే కనిపించేది.

2016లో న్యూవ్ షాపెల్‌కు దగ్గర్లోనే రిష్‌బూర్ అనే ఊళ్లో మట్టి తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. పక్కనే దొరికిన 39 అంకె ఉన్న లోహపు గుర్తులను బట్టి ఇద్దరు 39వ గఢ్వాల్ రైఫిల్స్ వాళ్లని తేలింది. గబర్ సింగ్ రెజిమెంటు అదే. 2017 నవంబరు 12న లావంటీ సైనిక శ్మశానంలో వాళ్లను సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. లాన్స్‌డౌన్‌లోని రెజిమెంటు కేంద్రం నుంచి జవాన్లు వచ్చి నిలబడ్డారు. పేర్లు మాత్రం తెలియలేదు. ఆచూకీ లేనివాళ్లంతా ఎక్కిన ఆ గుండ్రటి గోడ మీద వాళ్ల పేర్లు 1927 నుంచీ ఉండే ఉంటాయి, ఆ 4,700 పేర్లలో ఎక్కడో. అవి ఏ రెండో చెప్పగలవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.